ఎండిన అడవి మట్టి మీథేన్‌ను మింగుతుందా? సిరోంచ క్లాసులో వచ్చిన ప్రశ్న

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ, మహారాష్ట్ర సిరోంచలో, హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పుస్తకం మరాఠీలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగు, క్లాసులో రెండూ కలిసి నడుస్తాయి. మొన్న వరి మడి నుంచి మీథేన్ వస్తుందనే పాఠం చెప్పాను. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు, అక్కడ బతికే సూక్ష్మజీవులు కుళ్లిన వేళ్లనీ గడ్డినీ తిని మీథేన్ వదులుతాయి, అది ఎక్కువగా వరి కాడ లోపలి గొట్టాల్లోంచే పైకి వస్తుంది అని బోర్డు మీద బొమ్మ వేశాను. ఆసరెల్లి వైపు నుంచి వచ్చే ఒక పిల్లాడు లేచి, "సార్, మా ఊరికి మూడు పక్కలా అడవే. మడి వదిలిన గాలిని అడవి మింగదా?" అన్నాడు.

చెట్లు తీసుకునేది కార్బన్ డయాక్సైడ్‌ను, మీథేన్‌ను కాదు అని చెప్పబోయి ఆగిపోయాను. మీథేన్ తినే బ్యాక్టీరియా మట్టిలో ఉంటాయని డిగ్రీలో ఎప్పుడో చదివిన గుర్తు. రేపు చెప్తాను కూర్చో అన్నాను. ఆ రేపు దాటి వారం అయింది.

మన టేకు అడవి మట్టిలో అవి ఉంటాయా? ఉంటే, ఏప్రిల్, మే నెలల్లో నేల పెంకులా ఎండిపోయినప్పుడు ఏమవుతాయి? వానాకాలమే వాటికి పండగ అని నా ఊహ. తెలిసినవాళ్లు చెప్పండి.

మట్టివాసన (రాయగడ)

సార్, ఆ పిల్లాడికి నా తరఫున శెభాష్ చెప్పండి. నేను మట్టి సూక్ష్మజీవుల మీదే పని చేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఉంటాయి. వాటిని మిథనోట్రోఫ్‌లు అంటారు. 1906లో నెదర్లాండ్స్‌లో సోంగెన్ అనే శాస్త్రవేత్త మొదటిసారి వీటిని వేరు చేసి పెంచాడు. వీటికి మీథేనే తిండి, మీథేనే వంటచెరకు. మీథేన్ మోనోఆక్సిజినేస్ అనే ఎంజైమ్‌తో, ఆక్సిజన్ సాయంతో మీథేన్‌ను మిథనాల్‌గా మారుస్తాయి. అందులో కొంత ఒంటికి పట్టించుకుంటాయి, మిగిలింది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల దాకా వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ మార్పు మనకు లాభమే.

వీటిలో కొన్ని చెరువు అడుగున, మడిలో మీథేన్ దండిగా దొరికే చోట ఉంటాయి. అడవి మట్టిలో ఉండేవి వేరే రకం. వాటికి దొరికేది గాలిలో ఉన్న మీథేన్ మాత్రమే. పది లక్షల పాళ్ల గాలిలో అది రెండు పాళ్లు కూడా ఉండదు, 1.9 చిల్లర. అంత పలచటి తిండి మీద బతికే బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచడానికి శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు తంటాలు పడ్డారు. 2019లో నార్వేలో మిథైలోక్యాప్సా గోర్గోనా అనేదాన్ని మామూలు గాలి మీదే పెంచి చూపించారు.

ఇక మీ ఊహ సంగతి. అది తిరగబడింది సార్. వారణాసి బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు వింధ్య ప్రాంతంలో నాలుగు అడవి చోట్లు, ఒక గడ్డి మైదానం ఎంచుకుని రెండేళ్లు కొలిచారు. 1997లో అచ్చయింది. అవీ మన అడవుల్లాగే ఎండాకాలం ఆకు రాల్చేవి. అన్ని చోట్లా వానాకాలం కంటే పొడి నెలల్లోనే మట్టి ఎక్కువ మీథేన్ తీసుకుంది.

కారణం సులువు. ఈ బ్యాక్టీరియాకు తిండి పైనుంచి, గాలిలోంచి రావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటే మీథేన్ గబగబా దిగుతుంది. అవే సందులు నీళ్లతో నిండితే, నీటిలో దాని కదలిక గాలిలో కంటే పదివేల రెట్లు నెమ్మది. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే వాటి ఇంటి తలుపు మూసేసినట్టే.

అదే పరిశోధనలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం తేమ పెరిగితే తీసుకోవడం తగ్గింది. కానీ నడి ఎండాకాలంలో మాత్రం లెక్క తిరగబడింది. అప్పుడు ఏ మట్టిలో కాస్త ఎక్కువ తేమ మిగిలి ఉందో ఆ మట్టే ఎక్కువ తీసుకుంది. అంటే మరీ ఎండినా వాటికి కష్టమే. గాలి దండిగా వస్తున్నా ఒంట్లో నీళ్లు లేక పని చేయలేవు.

రాజురా రైతు (చంద్రపూర్ జిల్లా)

మేడం రాసింది చదువుతుంటే నాకు ఒకటే మాట మెదిలింది. పదును.

వాన వెలిసిన రెండో రోజు చేలోకి పోయి, జానెడు లోతు మట్టి తీసి గుప్పిట్లో పిసుకుతాం. తడి వేళ్లకు అంటుకుంటే ఇంకా ఆరాలి. ఉండ కట్టకుండా జలజలా రాలిపోతే ఆలస్యం చేసినట్టు. ఉండ కట్టి, బొటనవేలితో నొక్కగానే పగిలిందంటే అదీ పదును, ఇక గొర్రు కట్టొచ్చు. నీళ్లూ గాలీ రెండూ ఉన్న మట్టి అన్నమాట. మీ బ్యాక్టీరియాకు కావలసిందీ అదే అన్నట్టుంది.

రెండు ప్రశ్నలు. మాది నల్లరేగడి. మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది, జులైలో కాలు పెడితే ఊడిరాదు. అడవి వైపు పోతే ఎర్రమట్టి, ఇసక పాలు ఎక్కువ. రెండిట్లో ఏది ఎక్కువ తింటుంది? రెండోది, పత్తికి మేం వేసే యూరియా వాటిని ఏమైనా చేస్తుందా?

మట్టివాసన (రాయగడ)

అన్నా, ఆ మాట కోసం నేను చాన్నాళ్లుగా వెతుకుతున్నాను. మేం పేపర్లలో "నీటితో నిండిన రంధ్రాల శాతం" అని రాస్తాం. ఎవరికీ బుర్రకెక్కదు. ఇకనుంచి పదును అనే అంటాను.

మట్టి సంగతి: ఇసక పాలు ఎక్కువుండి నీళ్లు త్వరగా దిగిపోయే నేలలే మెరుగు. బంకమట్టిలో సందులు సన్నం, వాన పడితే నీళ్లు వదలవు. వింధ్య అడవుల్లో కొలిచిన నేలలు కూడా నీళ్లు నిలవనివే, పోషకాలు తక్కువున్నవే. మన గట్టు నేలలను "పనికిరాని నేల" అంటాం గానీ ఈ పనికి అవే ముందుంటాయి.

యూరియా సంగతి ఇంకా ముఖ్యం. మట్టిలో పడ్డాక అది అమ్మోనియం అవుతుంది. మీథేన్‌ను పట్టుకునే ఎంజైమ్‌కు అమ్మోనియాకూ మీథేన్‌కూ తేడా సరిగ్గా తెలియదు. రెండూ ఇంచుమించు ఒకే సైజు. అమ్మోనియాను పట్టుకుని కూర్చుంటే మీథేన్ చేజారిపోతుంది, పైగా అమ్మోనియా మారగా వచ్చే నైట్రైట్ వాటికి విషం. 1989లో అమెరికాలో మసాచుసెట్స్ అడవిలో నైట్రోజన్ ఎరువు చల్లి చూశారు, మట్టి మీథేన్ తీసుకోవడం స్పష్టంగా పడిపోయింది. అందుకే చాలా అడవుల్లో ఈ పని బాగా జరిగేది నేల పైపొరలో కాదు, ఆకు కుళ్లి అమ్మోనియం పుట్టే పొర దాటాక కొన్ని సెంటీమీటర్ల కింద.

అయితే వరి దగ్గర కథ వేరు. 2000లో వరి వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో చూస్తే అమ్మోనియం ఎరువు ఈ బ్యాక్టీరియాకు సాయమే చేసింది. అక్కడ మీథేన్‌కు కొదవలేదు. ఒళ్లు పెంచుకోవడానికి నైట్రోజనే కరువు. యూరియా మంచిదా చెడ్డదా అంటే ఎక్కడ, అక్కడ దేనికి కరువు అని అడగాలి.

ఇప్పచెట్టు (గడ్చిరోలి)

నేను ఫారెస్టులో గార్డుగా చేసి రిటైరయ్యాను. చదువు తక్కువ, అడవిలో తిరిగింది ఎక్కువ. మా జిల్లాలో మూడింట రెండొంతులు అడవే కాబట్టి ఈ మాటలు చదివి ఊరుకోలేకపోయాను.

మీరు ఎండాకాలం అంటున్నారు. మా దగ్గర ఎండాకాలం అంటే మంటలు. మార్చిలో ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకంతా కాల్చేస్తారు. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని పోతారు కదా, నేల నున్నగా ఉంటే పువ్వు కనిపిస్తుంది. తునికాకు కోసం కొమ్మకొట్టుడు చేయాలి, అది చేయలేక నిప్పు పెడితే లేత ఆకు బాగా వస్తుందని మంట పెడతారు. చెట్టు కింద పెట్టింది చెట్టు కిందే ఆగదు. రాత్రి గుట్ట మీద చూస్తే ఎర్ర దండ వేసినట్టు పాకుతూ కనిపించేది. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ పువ్వు, ఆ ఆకు వాళ్ల నాలుగు నెలల తిండి. కానీ ఆ వేడికి మీరు చెప్పే జీవులు మాడిపోవా అమ్మా?

ఇంకొకటి. టేకు దుంగలు లాగిన దారులు నాకు తెలుసు. ఏళ్లు గడిచినా అక్కడ నేల పలుగుకు కూడా లొంగదు.

మట్టివాసన (రాయగడ)

కాకా, మీరు అడిగిన రెండూ అసలైన ప్రశ్నలే.

ఆకు మంట వేగంగా పాకిపోతుంది, దాని వేడి మట్టిలోకి కొన్ని సెంటీమీటర్లకు మించి దిగదు. కింద ఉన్నవి చాలావరకు బతుకుతాయి. తడిసి అట్టకట్టిన ఆకు పొర గాలికి అడ్డం కాబట్టి, అది పోతే కొన్నాళ్లు మీథేన్ దిగడం సులువు కూడా కావచ్చు. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. మంట పోయాక మట్టిలో అమ్మోనియం కొన్నాళ్లు పెరుగుతుంది, దాని సంగతి పైన చెప్పాను. నేల మీద కప్పు లేక తొలకరి చినుకులు నేరుగా కొట్టి పైన పెచ్చు కడుతుంది. ప్రతి ఏడాదీ కాలిస్తే కుళ్లి మట్టిలో కలవాల్సిన ఆకు కలవదు, మట్టి గుల్లతనం తగ్గుతుంది, ఎండాకాలం పట్టి ఉంచే ఆ కాస్త తేమా పోతుంది. వింధ్య పరిశోధకులు కూడా, దీర్ఘకాలంలో మట్టి ఎంత మీథేన్ తీసుకోగలదో నిర్ణయించేది అందులోని కార్బన్, నైట్రోజన్ స్థితే అన్నారు.

దుంగల దారి ఇంకా చెడ్డది. బరువుకు అణిగిన మట్టిలో సందులు మూసుకుపోతాయి, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అలాంటి చోట మట్టి మీథేన్ తీసుకోవడం మానడమే కాదు, వదలడం మొదలుపెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

వంశధార (గుణుపూర్)

మా వైపు పోడు కొండలు. కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు చోళ్లూ కందులూ పండించి వదిలేస్తారు. వదిలేశాక అడవి తిరిగొస్తే ఈ బ్యాక్టీరియా కూడా తిరిగొస్తాయా?

మా కొండల నిండా చెదల పుట్టలు కూడా. చెదలు మీథేన్ వదులుతాయని విన్నాను. నిజమేనా?

మట్టివాసన (రాయగడ)

చెదలు వదులుతాయి, నిజమే. వాటి కడుపులో కట్టె అరిగేటప్పుడు పుడుతుంది. కానీ 2018లో ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో పుట్టలను కొలిస్తే, లోపల పుట్టిన మీథేన్‌లో సగం దాకా బయటికి రాకముందే ఖర్చైపోతోందని తేలింది. తినేది పుట్ట గోడలో, పుట్ట కింద మట్టిలో ఉన్న ఈ బ్యాక్టీరియానే. ఇది చదివాక నాగులచవితికి పుట్ట దగ్గర పాలు పోస్తూ కాసేపు గోడనే చూస్తూ నిలబడ్డాను.

పోడు సంగతి: అడవి పొలంగా మారితే మట్టి మీథేన్ తీసుకోవడం తగ్గుతుందనేది చాలా దేశాల్లో తేలిన మాట. తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఉత్తర యూరప్‌లో వదిలేసిన పొలాల్లో నూరేళ్లకు పైగా పట్టింది. పైన చెట్లు ఇరవై ఏళ్లకు అడవిలా కనబడినా కింద లెక్క ఇంకా తేలదన్నమాట. కాకపోతే మన పోడులో నాగలి లోతుగా తగలదు, యూరియా పడదు, మోళ్లు అలాగే ఉంటాయి. యూరప్ పొలంతో దాన్ని ఒకే గాటన కట్టలేను.

కిన్వట్ విద్యార్థి (నాందేడ్ జిల్లా)

అందరూ మంచి విషయాలు రాశారు. కానీ పిల్లాడి ప్రశ్నకు అంకె కావాలి కదా, నేను లెక్క వేశాను.

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2019 పద్ధతి ప్రకారం దక్షిణాసియాలో ఎప్పుడూ నీళ్లు నిలిపే వరి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. 110 రోజుల పంటకు 93 కిలోలు. ప్రపంచంలో ఉష్ణమండల అడవుల నేల సగటున హెక్టారుకు ఏడాదికి సుమారు 3 కిలోలు తీసుకుంటుంది. అంటే ఒక హెక్టారు మడికి 30 హెక్టార్ల అడవి కావాలి.

మరి మేడం చెప్పిన బనారస్ పరిశోధనలో గంటకు చదరపు మీటరుకు 0.36 నుంచి 0.57 మిల్లీగ్రాములు అని ఉంది. ఏడాదికి హెచ్చిస్తే హెక్టారుకు 31 నుంచి 50 కిలోలు! అప్పుడు రెండు మూడు హెక్టార్ల అడవి చాలు. ఈ రెండు అంకెల మధ్య పదింతల తేడా ఉంది. క్లాసులో సార్ ఏది చెప్పాలి?

మట్టివాసన (రాయగడ)

తమ్ముడూ, ఈ చర్చలో అందరికంటే గట్టి ప్రశ్న నీదే.

నేనైతే చిన్న అంకెనే చెబుతాను. అది ఎన్నో చోట్ల కొలతల సగటు. బనారస్ అంకె చాలా పెద్దది, గంట కొలతను ఏడాదికి హెచ్చిస్తే అందులోని ప్రతి చిన్న తేడా కూడా హెచ్చుతుంది. ఆ పరిశోధనలో నేను గట్టిగా నమ్మేది ఏ కాలంలో పెరిగింది, ఎప్పుడు తగ్గింది అనే వరస. ఆ వరస మట్టి భౌతిక స్వభావానికి సరిపోతుంది. గడ్చిరోలి అడవి అంకె గడ్చిరోలిలో కొలిస్తేనే తెలుస్తుంది.

ప్రపంచం మొత్తం మీద నేలలు ఏటా 3 కోట్ల టన్నుల మీథేన్ తీసుకుంటాయి. గాలిలోంచి పోయే మీథేన్‌లో ఓ 5 శాతం. మిగతాది చాలావరకు పైన వాతావరణంలోనే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం చేతిలో పోతుంది. 5 శాతమేనా అని తీసిపారేయొద్దు. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో 0.7 ఉన్న మీథేన్ ఇప్పుడు 1.9 అయింది, ఏటా ఇంకా పెరుగుతోంది. వచ్చేదీ పోయేదీ దాదాపు సమానంగా ఉన్న లెక్కలో 5 శాతం అటో ఇటో అయితే పెద్ద మాటే.

2024లో ఇంకో సంగతి బయటపడింది. చెట్ల బెరడు మీద ఉండే సూక్ష్మజీవులు కూడా గాలిలోని మీథేన్ తీసుకుంటున్నాయని అమెజాన్, పనామా, బ్రిటన్, స్వీడన్ అడవుల్లో కొలిచి చూపించారు. కాబట్టి సార్, "చెట్లు మీథేన్ తీసుకోవు" అని మీరు చెప్పకుండా ఆగిపోవడం మంచిదైంది.

రాజురా రైతు (చంద్రపూర్ జిల్లా)

30 హెక్టార్లంటే 75 ఎకరాల అడవి, రెండున్నర ఎకరాల మడికి! అయితే అడవి మీదే భారం వేసి కూర్చోలేం. మడిలోనే తగ్గించాలి. ఆరుతడి పెడితే, అంటే నీళ్లు ఆరనిచ్చి మళ్లీ పెడితే, మీథేన్ దాదాపు సగం దాకా తగ్గుతుందని మా దగ్గర రైతు సమావేశంలో చెప్పారు. ఇప్పుడు ఎందుకో అర్థమైంది. ఆరిన రోజుల్లో మడి మట్టి కూడా కాస్త పదునుకు వస్తుంది, మీథేన్ పుట్టించేవి ఆగుతాయి, తినేవాటికి గాలి తగులుతుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)

నిన్న క్లాసులో చెప్పాను. 30 హెక్టార్ల లెక్క బోర్డు మీద పిల్లలతోనే వేయించాను. "మింగుతుంది, కానీ చిన్న గుటక" అన్నాడు పిల్లాడు. తర్వాత, "మా చేను పక్క అడవిలోకి 2023 దాకా మేడిగడ్డ బ్యారేజీ వెనకనీళ్లు వచ్చి నెలల తరబడి ఉండేవి కదా సార్, అక్కడ?" అన్నాడు. నీళ్లు నిలిచినంత కాలం అది మడిలాగే వదులుతుందని నేనే చెప్పగలిగాను, మీ అందరి దయ వల్ల. మునిగి ఎండిపోయిన టేకు మోళ్లు ఆ పిల్లాడి ఇంటి నుంచి కనబడతాయి.

వీళ్లతో ఏదైనా కొలిపించవచ్చా? ల్యాబు లేదు, గ్యాస్ కొలిచే మిషన్ లేదు.

మట్టివాసన (రాయగడ)

గ్యాస్ కొలవడం ఎంత తిప్పలో చెబుతాను. వెడల్పాటి ప్లాస్టిక్ పైపు ముక్కను ముందు రోజే మట్టిలోకి దిగేసి ఉంచాలి, అప్పటికప్పుడు కొడితే మట్టి కదిలి లెక్క తప్పుతుంది. మర్నాడు పైన గాలి చొరబడని మూత పెట్టి, సున్నా, పది, ఇరవై, ముప్పై నిమిషాలకు సిరంజితో గాలి తీయాలి. మట్టి తింటుంటే మూత కింద 1.9 ఉన్నది తగ్గుతూ వస్తుంది. ఊపిరి అటు వదలకూడదు, కొంతమంది ఊపిరిలోనే మీథేన్ ఉంటుంది. నేను తల పక్కకు తిప్పి, చీమలు కాలెక్కుతున్నా కదలకుండా కూర్చునేదాన్ని. ఒక వేసవి మొత్తం అలా తీసిన సీసాలు కొలవడానికి ఒక ల్యాబుకు పంపితే రెండు నెలలు ఎండ తగిలే గదిలో పెట్టారు. రబ్బరు మూతలు సడలి బయటి గాలి చొరబడింది. అన్ని సీసాల్లోనూ ఒకటే అంకె వచ్చింది. ఆ రోజు భోజనం చేయలేకపోయాను. ఆ వేసవి కొలతలు మళ్లీ రావు.

పిల్లలు పదును కొలవొచ్చు సార్, అదే సగం విషయం. రెండు వైపులా మూతలు కోసిన పాల పొడి డబ్బా ఒకటి, తూకం ఒకటి చాలు. ఆకు పక్కకు జరిపి డబ్బాను నేలలోకి నిలువుగా దిగేయండి, చుట్టూ తవ్వి మట్టి రాలకుండా తీయండి. తడి బరువు రాసుకుని, ఎండలో పల్చగా పరిచి బరువు మారనంత దాకా ఆరనిచ్చి మళ్లీ తూయండి. తేడా నీళ్లది. ఆరిన మట్టి బరువును డబ్బా ఘనపరిమాణంతో భాగిస్తే మట్టి ఎంత గుల్లగా ఉందో తెలుస్తుంది. మడి గట్టు, దుంగల దారి, ఎన్నాళ్లుగానో కాలని అడవి, ఈ మూడు చోట్లా నెలకొకసారి చేయించండి. వాళ్ల పన్నెండు నెలల పట్టిక నా దగ్గరికి వస్తే, నేను సిరంజిలు పట్టుకుని ఏ నెలలో రావాలో అదే చెబుతుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)

డబ్బాలు రేపే పోగుచేస్తాం. మడీ, దుంగల దారీ దొరుకుతాయి. కాలని అడవి ఎక్కడుందో నాకు తెలియదు.

ఇప్పచెట్టు (గడ్చిరోలి)

నాకు తెలుసు మాష్టారూ. నా పాత బీట్లో వాగు అవతల ఒక అడవి ముక్క ఉంది. రెండు పక్కలా బండలు, ఒక పక్క వాగు, మంట అక్కడికి దాటదు. నేను ఉన్నన్నాళ్లూ కాలడం చూడలేదు. ఆకు మడమల దాకా ఉంటుంది, మట్టి చేత్తో తవ్వినా వస్తుంది. తొలకరి పడకముందే పిల్లల్ని తీసుకురండి, నేను ముందు నడుస్తాను. వాన పడ్డాక ఆ వాగు దసరా దాకా దాటనివ్వదు.